ఉప్పుగాలిలో కొత్త బ్రేకులు

కార్లు కదలనని మొండికేయడం అందరికీ అనుభవమే. ఆగనని మొండికేసిన కారు మాత్రం నాకే దొరికింది. అదీ కొత్త బ్రేకులు వేయించి వారం తిరక్కుండానే, పక్క సీట్లో నా కూతురు కూర్చుని ఉండగా. నాకు ముక్కు మీద కోపమని ఇంటా బయటా పేరుంది కాబట్టి, చెప్పేటప్పుడు మధ్యలో ఎవరినైనా తిడితే ఏమీ అనుకోవద్దు.

మేముండేది కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్ళే బీచ్ రోడ్డు పక్కన, జాలర్ల ఊళ్ళో. నేను కాకినాడలో ఒక హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా అమ్మాయి ఆ టౌన్లోనే ఏడో తరగతి. మా ఆయనది ఎరువుల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, ఆయన వచ్చేసరికి మేం పోతాం, మేం వచ్చేసరికి ఆయన పోతాడు. అందుకని కారు పూర్తిగా నా పెత్తనమే. రోజూ పొద్దున్న అమ్మాయిని దింపి నేను బడికి పోవాలి, సాయంత్రం మళ్ళీ ఎక్కించుకుని రావాలి.

ఆ రోడ్డు ఎలాంటిదంటే, ఒక పక్క రాళ్ళ కట్ట, దాని అవతల సముద్రం. పోటు మీదున్నప్పుడు కెరటం రాళ్ళకి కొట్టుకుని లేచి, నేరుగా కారు అద్దం మీద పడుతుంది. వానాకాలం కాకపోయినా మేం వైపర్లు వేసుకుంటాం. ఇక ఆ ఉప్పుగాలికి ఇనుము అన్నది ఏదీ నిలవదు. గేటు కొత్తది పెట్టించి ఏడాది కాకుండానే పొరలు పొరలుగా ఊడింది. కిటికీ ఊచలు, సైకిలు, గ్యాస్ పొయ్యి కాళ్ళు, అన్నీ అంతే.

ఈ తుప్పు మీద మా నాన్నకి పగ. నాన్న జీవితమంతా కాకినాడ హార్బర్లో సరంగు, అంటే బోటు నడిపేవాడు. అమ్మ పోయాక మా దగ్గరే ఉంటున్నాడు. ఖాళీగా కూర్చోవడం చేతకాదు. ఎక్కడ ఎర్రగా కనిపించినా అక్కడ గోకి, రాసి, తుడిచి, ఏదో ఒకటి చేస్తాడు. గేటు మడతబందులైనా, బావి గిలకైనా, నా బీరువా తలుపైనా ఆయన చెయ్యి పడాల్సిందే. "ఇనుముని వట్టిగా వదిలేస్తే గాలి తినేత్తది అమ్మా" అంటాడు. నేను విసుక్కుంటాను. అయినా ఆయన మానడు, నేనూ మానను.

బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగు జ్వరమొచ్చినట్టు వణకడం మొదలయ్యాక, ఇక లాభం లేదని షెడ్డుకి తీసుకెళ్ళాను. మెకానిక్కు ముందు చక్రాలు రెండూ విప్పి చూపించాడు. చక్రంతోపాటు తిరిగే ఇనప పళ్ళెం ఉంటుందే, డిస్కు, దాని మీద గాడులు పడిపోయాయి. దాన్ని అటూ ఇటూ పట్టుకుని ఆపే ప్యాడ్లు అరిగి రేకు తేలిపోయాయి. "డిస్కులూ ప్యాడ్లూ కలిపి మార్చేయాలండి, ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే మళ్ళీ ఇదే కథ" అన్నాడు. సామాను నేనే తెచ్చుకుంటానన్నాను. నా కారుకి ఏం వేస్తున్నారో నాకు తెలియాలి. నాన్న కళ్ళ డాక్టరు దగ్గరికని నాతోనే వచ్చాడు కాబట్టి స్పేర్ పార్ట్స్ షాపుకి ఇద్దరం వెళ్ళాం.

షాపాయన నన్ను చూసి, ఆడమనిషి కదా ఏదో ఒకటి అంటగట్టేద్దామనుకున్నట్టున్నాడు. ముందు చిల్లుల డిస్కు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది చూడండి మేడంగారూ. ఒళ్ళంతా చిల్లులే. వేడి ఇట్టే బయటికి పోద్దండి. కుర్రాళ్ళందరూ ఇదే వేయిస్తున్నారండి."

"ఆ చిల్లుల్లోకి మా బీచ్ రోడ్డు ఇసుక దూరి కూర్చుంటే తీసేదెవరండీ? రోజూ మీరొచ్చి పుల్లతో పొడుస్తారా?"

ఆయన నవ్వేశాడు. "ఆయ్, అదీ నిజమేనండి" అని దాన్ని లోపల పెట్టేశాడు. తర్వాత ప్యాడ్లు తీశాడు. ఒక రకం గురించి తెగ పొగిడాడు. ఎంత స్పీడులో తొక్కినా జారవట, కొండలెక్కి దిగేవాళ్ళు, పోటీలకి తోలేవాళ్ళు అవే అడుగుతారట, కాస్త వేడెక్కాక వాటి పట్టు చూడాలట.

"వేడెక్కేలోపల మా వీధి చివర మేక చస్తుందండీ" అన్నాను. "నాకు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు, మొదటిసారి తొక్కగానే ఆగాలి. పిల్లలు అడ్డం వచ్చే రోడ్డు నాది. కీచుమని చప్పుడు చేయకూడదు, డిస్కుని తినేయకూడదు. కంపెనీ నుంచి కారు వచ్చినప్పుడు ఎలాంటివి ఉన్నాయో అలాంటివి ఇవ్వండి చాలు."

ఆయన మొహం కొంచెం వాడిపోయింది గానీ, అలాంటివే ఇచ్చాడు. ఇక డిస్కులు. బూడిదరంగు పూత వేసినవి ఉన్నాయి, ఆ పూత వల్ల అంచులూ మధ్య భాగమూ తుప్పు పట్టవు. మా ఉప్పుగాలికి అవే మంచివని నాకూ అనిపించింది. తీరా చూస్తే నా కారు సైజువి లేవు, రాజమండ్రి నుంచి రావాలన్నారు. అవి వచ్చేదాకా అమ్మాయిని బడికి నెత్తిన పెట్టుకుని తీసుకెళ్ళనా? పూత లేనివే ఇమ్మన్నాను.

"వేసుకోండి, ఏం పర్లేదండి. రాత్రికి రాత్రి పైన ఎర్రగా తుప్పు పడుతుందండి. చూసి కంగారు పడకండి. పొద్దున్నే ఓసారి బ్రేకు తొక్కితే ప్యాడే తుడిచేసుద్దండి."

నాన్న స్టూలు మీద కూర్చుని వింటున్నాడు. ఆ మాటకి మాత్రం ఉలిక్కిపడ్డాడు.

"తుప్పు పడతాయా? కొత్త ఇనుముకి తుప్పేంటండీ బాబూ? అట్టాంటివి అమ్ముతారా?"

"అది పైపై తుప్పు నాన్నా, దానంతటదే పోతుంది. నువ్వు ఊరుకో" అన్నాను. షాపాయన ముందు ఆయన్ని ఊరుకోబెట్టినందుకు నాన్న చిన్నబుచ్చుకున్నాడు.

బ్రేకులు మాత్రం భలే కుదిరాయి. కాలు ఇలా ఆనిస్తే చాలు, కారు మెత్తగా ఆగిపోయేది. స్టీరింగు వణుకు లేదు. నాలుగు రోజులు నా తెలివికి నేనే మురిసిపోయాను. పొద్దున్నే చూస్తే డిస్కులు ఇటుక రంగులో ఉండేవి, వీధి చివరికి పోయేసరికి తళతళలాడేవి. నాన్న మాత్రం రోజూ చక్రం దగ్గర గొంతుకూర్చుని, ఊచల సందుల్లోంచి తొంగి చూసేవాడు.

"చూడమ్మా, ఎలా ఎర్రబడిపోయిందో."

"పోతుంది నాన్నా."

"రోజూ తిని రోజూ పోతే చివరికి ఏం మిగులుద్ది?"

నాకు బడి టైమైపోతోందని నేను వినిపించుకోలేదు.

ఆ రోజు పొద్దున్న కూడా అన్ని రోజుల్లాగే బయల్దేరాం. వీధిలో మెల్లిగానే పోనిచ్చాను. మలుపు దగ్గర కారు ఆగాల్సిన చోటు దాటి కొంచెం ముందుకి జారినట్టనిపించింది. రాత్రి మంచు, తడి అనుకున్నాను. బీచ్ రోడ్డెక్కాక స్పీడు అందుకున్నాను. అమ్మాయి సైన్సు పరీక్షకి గట్టిగా పైకి చదువుకుంటోంది.

బోట్లు ఒడ్డుకొచ్చే చోట రోడ్డు మీద ఎప్పుడూ జనమే. సిల్వరు బేసిన్లు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు రోడ్డు దాటుతున్నారు. రోజూ దాటేదే, రోజూ నేను ఆగేదే. దూరం నుంచే బ్రేకు తొక్కాను.

కారు ఆగలేదు.

కాలి కింద పెడలు గట్టిగానే ఉంది, కిందికి దిగిపోలేదు. కానీ కారు నా మాట వినడం లేదు. ఇంకా గట్టిగా తొక్కాను. సీట్లోంచి లేచి నిలబడినంత బలంతో తొక్కాను. ఏదో కాస్త తగ్గినట్టే తగ్గి, ముందుకే పోతోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. హారన్ మీద చెయ్యి ఆనించి ఉంచేశాను. ఆడవాళ్ళు అరుస్తూ చెల్లాచెదురయ్యారు. ఒకామె బేసిను రోడ్డు మీద పడేసి పరుగెత్తింది. రెండో గేరులోకి లాగాను, హ్యాండ్ బ్రేకు ఎత్తాను, స్టీరింగు పక్కకి తిప్పేశాను. అమ్మాయి "అమ్మా" అని అరిచిన అరుపు ఒక్కటే గుర్తుంది. రోడ్డు పక్కన ఆరబెట్టడానికి తెచ్చి పోసిన వలల గుట్ట ఉంది. కారు దాంట్లోకి దూసుకెళ్ళి, ముక్కు దాకా కూరుకుని ఆగింది.

వలలు ఓ నాలుగు బారలు అవతల ఉంటే మేం రాళ్ళకి గుద్దుకునేవాళ్ళం. ఒక్క క్షణం ముందొచ్చి ఉంటే ఏమయ్యేదో, ఆ ఆడవాళ్ళలో ఎవరయ్యేవారో. ఎవరికీ ఏమీ కాలేదు. రోడ్డంతా చేపలు మాత్రం ఎగిరిపడుతున్నాయి.

అమ్మాయిని తడిమి చూశాను. తల, భుజాలు, మోకాళ్ళు, మళ్ళీ తల. "నీకేం కాలేదుగా? ఏం కాలేదుగా?" అని అదే అడుగుతున్నాను. అది బొమ్మలా కూర్చుని ఉంది. బయట ఆడవాళ్ళు "కళ్ళు నెత్తికెక్కాయా ఏంటమ్మా!" అని మీదికొచ్చి, నన్ను చూసి, "ఓలమ్మో, సరంగుగారి అమ్మాయి!" అని బుగ్గలు నొక్కుకున్నారు.

అప్పుడు వచ్చింది వాసన. ముందు చక్రాల దగ్గర నుంచి సన్నగా పొగ, ఆ పొగతోపాటు చేప మాడిన కంపు. రోడ్డు మీద పడ్డ చేపల వాసన కాదది. మా ఊళ్ళో పుట్టినవాళ్ళెవరికైనా కళ్ళు మూసుకుని చెప్పగలిగిన వాసన. సొర కాలేయం కాచి తీసే నూనె. పడవ చెక్కలు నీళ్ళకి కుళ్ళకుండా పూర్వం దాన్నే పూసేవారు. నాన్న ఆ నూనె డబ్బా ఒకటి పెరట్లో దాచుకుని, గేటుకీ గిలకకీ అదే రాస్తాడు.

"అమ్మా, ఇది తాతయ్య నూనె" అంది మా అమ్మాయి.

దిగి చక్రం ఊచల సందుల్లోంచి చూశాను. డిస్కు మీద ఒక్క చుక్క తుప్పు లేదు. పసుపుపచ్చగా, జిడ్డుగా, మెరుస్తూ పొగలు కక్కుతోంది. ఊచకి బ్రష్షు వెంట్రుక ఒకటి అంటుకుని ఉంది. ఆయన తీరిగ్గా గొంతుకూర్చుని, సందుల్లోంచి బ్రష్షు పోనిచ్చి, ఒక్క చోటు వదలకుండా ఎంత శ్రద్ధగా రాశాడో కళ్ళకి కట్టింది. బ్రేకుకి నూనె! ఓరి దేవుడా, ప్రపంచంలో ఎవరైనా బ్రేకుకి నూనె రాస్తారా?

"తాతయ్యకి చెప్పకమ్మా" అంది అమ్మాయి.

"ఏం, ఎందుకు చెప్పకూడదు?"

"తట్టుకోలేడమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడే చావు తప్పి బయటపడ్డ పిల్ల, ఆయన తట్టుకోలేడని బెంగపడుతోంది! "చెప్పకపోతే ఈ రాత్రి మళ్ళీ రాస్తాడే! రోజూ తుప్పు పడుతుంది, రోజూ రాస్తాడు!" అని నడిరోడ్డు మీద దాని మీద అరిచాను. అది ఏడవలేదు, తల వంచుకుంది. దాన్ని ఆటోలో బడికి పంపి, మెకానిక్కుకి ఫోన్ చేసి కారు అప్పజెప్పి, నేను ఇంకో ఆటోలో ఇంటికి వచ్చాను.

నాన్న అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నన్ను చూసి మొహం విప్పారింది.

"అప్పుడే వచ్చేశావేంటమ్మా? బండి తేలిగ్గా పోయిందా ఇవాళ?"

అరికాలి మంట నెత్తికెక్కింది. నేనేం అన్నానో అన్నీ ఇక్కడ రాయలేను. కన్నతండ్రిని అనకూడని మాటలు కొన్ని ఉన్నాయి అందులో. ఆయన గ్లాసు పట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాడు.

"నేను బ్రేకు ముట్టుకోలేదమ్మా" అన్నాడు చివరికి. "బ్రేకు నీ కాలి కింద కదా ఉంటది. నేను చక్రంలో పళ్ళానికి రాశాను. తుప్పు పట్టకుండా, తేలిగ్గా తిరుగుద్దని."

"ఆ పళ్ళెమే నాన్నా బ్రేకు!"

ఆయనకి అర్థం కాలేదు. వంటింట్లోకి వెళ్ళి స్టీలు కంచం తెచ్చాను. దాన్ని బండి చక్రంలా నిలబెట్టి, గిర్రున తిప్పి, రెండు వేళ్ళతో అంచు పట్టుకుని ఆపాను. "ఇది పళ్ళెం. నా వేళ్ళు ప్యాడ్లు. నేను తొక్కితే ఇవి ఇలా పట్టుకుంటాయి. బండి ఆగేది ఇలా." మళ్ళీ తిప్పాను. "ఇప్పుడు నువ్వు పట్టుకో."

పొద్దున్నే గేటుకి రాసినట్టున్నాడు, ఆయన వేళ్ళకి ఆ నూనె జిడ్డు ఇంకా ఉంది. పట్టుకున్నాడు. కంచం జారింది. మళ్ళీ గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. వేళ్ళ మధ్య నుంచి సర్రున జారి, అరుగు దిగి, వాకిట్లో ఖంగుమని పడింది.

నాన్న ఆ కంచం వైపే చూస్తూ ఉండిపోయాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"పిల్ల బండిలో ఉందా?"

"ఉంది."

తుపాన్లలో బోటు తిప్పుకొచ్చిన మనిషి, తన బోటెక్కిన ఒక్క మనిషినీ సముద్రానికి వదలని మనిషి, అరుగు అంచు పట్టుకుని నేల మీద చతికిలబడిపోయాడు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. నాకు భయం వేసింది. నీళ్ళు తెచ్చి ఇస్తే తాగలేదు.

గ్లాసు పక్కకి నెట్టి అన్నాడు: "బోటుకి బ్రేకుండదమ్మా. ఇంజను తగ్గిత్తే నీళ్ళే ఆపేత్తాయి. ఆపేది వేరే ఒకటుంటదని నాకేం తెలుసు."

నేను కారు తోలడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఆయన పక్కన కూర్చుంటూనే ఉన్నాడు. ఎన్నోసార్లు నేను బ్రేకు వేయడం చూశాడు. ఆ ఆగడం ఎక్కణ్ణుంచి వస్తోందో ఆయనకి తెలియదని నాకు ఒక్కనాడూ తట్టలేదు. చదువు చెప్పే నేనున్న ఇంట్లో, నా సొంత తండ్రికి! ఇప్పటికీ తలుచుకుంటే నాకు దిమ్మ తిరుగుతుంది.

ప్యాడ్లు నూనె పీల్చేశాయి. మెకానిక్కు డిస్కుల్ని కడిగి శుభ్రం చేశాడు గానీ, ప్యాడ్లని మంట మీద కాల్చి నూనె పోగొట్టి మళ్ళీ వేసేస్తానన్నాడు. నేను నోరు తెరిచేలోపలే, నాతో షెడ్డుకి వచ్చిన నాన్న అడ్డం పడ్డాడు.

"వద్దు బాబూ. కొత్తవే వెయ్యి."

మళ్ళీ ఆ షాపుకే వెళ్ళాం. పాపం, షాపాయన గుర్తుపెట్టుకుని, "పెద్దాయనగారూ, పూత ఉన్న డిస్కులు వచ్చాయండి, ఇంక మీకు తుప్పు బెంగ ఉండదండి" అన్నాడు. నాన్న తల అడ్డంగా ఊపాడు.

"తుప్పు సంగతి నాకొద్దండి. ఆగేది ఇవ్వండి."

నేను మొదటిసారి ఎంచుకున్న రకం ప్యాడ్లే మళ్ళీ తీసుకున్నాను. కొత్త ప్యాడ్లు డిస్కుకి కుదురుకోవాలంటే, ఖాళీ రోడ్డు మీద కాస్త స్పీడు పోనిచ్చి, నెమ్మదించి, మళ్ళీ పోనిచ్చి, అలా కొన్నిసార్లు చేయాలి. మర్నాడు తెల్లవారగానే తాళాలు తీసుకుని బయటికి వచ్చేసరికి నాన్న ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు.

"నువ్వెందుకు నాన్నా ఇంత పొద్దున్నే?"

"ముందు నన్ను ఎక్కించుకో. ఆగకపోతే నేనుండాలి గానీ పిల్ల కాదు."

ఏమంటాం? పోనిచ్చాను. సరుగుడు తోట పక్కన ఎవరూ లేని చోట స్పీడు పెంచి బ్రేకు వేశాను. కారు కుదురుగా నెమ్మదించింది. నాన్న రెండు చేతులూ డ్యాష్‌బోర్డుకి ఆనించుకుని, "ఇంకోసారి" అన్నాడు. మళ్ళీ వేశాను. "ఇంకోసారి." అలా అంటూనే ఉన్నాడు. చివరిసారి బాగా గట్టిగా తొక్కాను, ఇద్దరం ముందుకి ఊగి వెనక్కి పడ్డాం. ఆయన నుదుటి నిండా చెమట.

"ఆ రోజు కూడా ఇంత స్పీడులోనే పోయారా?"

"అవును నాన్నా." అబద్ధం చెప్పి ఉండొచ్చు, నోరు రాలేదు.

"పిల్ల అరిచిందా?"

"అరిచింది."

ఆయన అద్దం వైపు తిరిగి సముద్రాన్ని చూస్తూ కూర్చున్నాడు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడని తెలిసింది. నేను పుట్టాక ఆయన ఏడవగా చూడలేదు, అమ్మ పోయినప్పుడు కూడా. నాకు ఏం చేయాలో తోచక కారు ఇంటి దారి పట్టించాను.

ఇంటి దగ్గర అమ్మాయి బ్యాగు తగిలించుకుని నిలబడి ఉంది. తాతయ్య మొహం చూసింది, తర్వాత నా మొహం చూసింది. ఆయన ఏడ్చాడని దానికి అర్థమైంది. కానీ నన్నేమీ అడగలేదు, ముందు సీట్లో ఎక్కి బెల్టు పెట్టుకుంది. నాన్న దిగినవాడు దిగినట్టే వెనక తలుపు తీసి ఎక్కాడు. స్కూలు దాకా తనూ వస్తానన్నాడు.

బోట్ల దగ్గర ఆడవాళ్ళు బేసిన్లతో రోడ్డు దాటుతున్నారు. బ్రేకు మీద కాలు పెట్టాను. కారు మెత్తగా, అందరికీ చాలా ఇవతలే ఆగిపోయింది.

"ఆగింది" అన్నాడు నాన్న వెనక నుంచి, తనలో తను అనుకున్నట్టు.

మళ్ళీ పోనిచ్చాను. స్పీడు బ్రేకరు వచ్చింది. "ఆగింది." హార్బర్ మలుపు దగ్గర లారీ అడ్డం వచ్చింది. "ఆగింది." సిగ్నల్ దగ్గరా అదే మాట. ప్రతిసారీ ఊపిరి బిగబట్టి, కారు ఆగాకే వదులుతున్నాడు. అది వినలేక నేను ఏదో అనబోయాను.

అంతలో మా అమ్మాయి సీట్లోంచి చెయ్యి వెనక్కి చాపి ఆయన మోకాలి మీద వేసింది.

"ఆగుతుంది తాతయ్యా" అంది.